పీలో బిగిసిన ఆటోమేటిక్ కారును న్యూట్రల్‌లోకి తేవడం: మా సెల్లార్ ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి మొదటి వారం – పని ఏమిటంటే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వైపు ప్రాంతాలను రోజుల తరబడి నీళ్లలో ఉంచినప్పుడు మా వీధిలోని సెల్లార్లు కూడా నిండిపోయాయి. నీళ్లు తోడించాక మామూలు గేరు కార్లను నలుగురు మనుషులు తోసి ర్యాంపు దాకా తెచ్చారు గాని, ఆటోమేటిక్ కార్లలో చాలావాటిని అంగుళం కూడా కదపలేకపోయారు. గేరు రాడ్డు పీలో, అంటే పార్కింగ్ స్థానంలో ఉండిపోయింది, బ్యాటరీ చచ్చిపోయింది, ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు ఏం చెయ్యాలో యజమానులకు గాని డ్రైవర్లకు గాని తెలియదు. చివరికి క్రేను వాళ్లు బిగిసిన చక్రాలతోనే బండ్లను ఈడ్చుకుపోయారు.

వరద ఎప్పుడో గాని రాదు. కాని ఒక బండి వెనక ఇంకొక బండిని నిలిపే మా సెల్లార్‌లో ఏ బండికైనా నిప్పు అంటుకున్నా, రాత్రివేళ ఎవరినైనా ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చినా, దారికి అడ్డంగా ఉన్న ఒక్క ఆటోమేటిక్ కారు మొరాయిస్తే చాలు, వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. అందుకే అపార్టుమెంటు సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన పెట్టాను. సెల్లార్‌లో ఉన్న ప్రతి ఆటోమేటిక్ కారునూ ఇంజను, బ్యాటరీ పనిచేయని స్థితిలో న్యూట్రల్‌లోకి, అంటే తోస్తే చక్రాలు తిరిగే స్థానంలోకి, ఎలా తేవాలో కనిపెట్టి, చేసి చూసి, ఆ పద్ధతిని ఒక కార్డు మీద రాసి ఆ బండిలోనే ఉంచాలన్నది ఆ ప్రతిపాదన. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ని కాబట్టి పని నామీదే పడింది. మూడో అంతస్తు వారి కారు నడిపే శ్రీను తోడు వస్తానన్నాడు.

ఫిబ్రవరి రెండో వారం – లోపల ఏముంది

చేయి పెట్టే ముందు శ్రీనుకు బొమ్మ గీసి చూపించాను. రాడ్డును పీలో పెట్టినప్పుడు గేర్‌బాక్సు లోపల, చక్రాలకు శక్తిని పంపే షాఫ్టు మీద ఉన్న పళ్ల చక్రంలోకి ఒక ఉక్కు కొక్కెం వచ్చి పడుతుంది. షాఫ్టు తిరగదు కాబట్టి దానికి కలిసిన చక్రాలూ తిరగవు. మన దగ్గర ఎక్కువ కార్లకు శక్తి ముందు చక్రాలకే వెళుతుంది కనుక పీ పట్టుకునేది ముందు చక్రాలను మాత్రమే. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది సాధారణంగా వెనక చక్రాలను. ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ముందు చక్రాల్లో ఒకదాన్ని జాకీతో లేపితే, పీలో ఉన్నా బండి కదిలే ప్రమాదం ఉంది, ఎందుకంటే రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే అమరిక వల్ల గాలిలో ఉన్న చక్రం వెనక్కు తిరుగుతూ నేల మీది చక్రాన్ని ముందుకు తిరగనిస్తుంది. పంక్చరు వేసేటప్పుడు పీని నమ్ముకుని వెనక చక్రాలకు అడ్డు పెట్టనివారు దీన్ని తప్పక తెలుసుకోవాలి.

కొక్కెమే కాక, రాడ్డుకు ఇంకొక తాళం ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి, బ్రేకు పెడల్ తొక్కినప్పుడు సోలెనాయిడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం పనిచేసి రాడ్డును వదులుతుంది. ఈ ఏర్పాటు వెనక ఒక చరిత్ర ఉంది. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు తమంతట తామే దూసుకుపోతున్నాయన్న ఫిర్యాదులు వచ్చి, 1986 చివర టెలివిజన్‌లో ప్రసారమై పెద్ద దుమారం రేగింది. బ్రేకు తొక్కితే తప్ప పీ నుంచి రాడ్డు రాని తాళాన్ని ఆ కంపెనీ తన బండ్లకు అమర్చింది. 1989లో అక్కడి రహదారి భద్రతా సంస్థ ఇచ్చిన నివేదిక, ఎక్కువ సందర్భాల్లో డ్రైవర్లు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే కారణమని తేల్చింది. తర్వాత ఈ తాళం అన్ని కంపెనీలకూ పాకింది, 2010 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే బండ్లకు అమెరికాలో చట్టప్రకారం తప్పనిసరి అయింది.

కనుక బ్యాటరీ చచ్చిన బండి పీ నుంచి రాకపోతే చాలాసార్లు గేర్‌బాక్సుకు ఏ జబ్బూ ఉండదు, ఆ సోలెనాయిడ్‌కు కరెంటు అందడం లేదంతే. చేత్తో తాళం విప్పే దారిని కంపెనీలే పెట్టాయి. అయితే అది విప్పి రాడ్డు లాగిన క్షణాన ముందు చక్రాలను పట్టుకున్న ఆధారం పోతుంది. కాబట్టి ప్రతి బండిలోనూ విడుదల, అంటే చేత్తో తాళం విప్పే చోటు, ఎక్కడ ఉందో వెతకడంతో సరిపోదు, విడుదలయ్యాక ఆ బండిని ఏది పట్టుకుంటుందో ముందే తేల్చుకోవాలి. నా దృష్టిలో రెండోదే ముఖ్యమైనది.

ఫిబ్రవరి చివర – సామాను, నియమాలు

వడ్రంగి చేత వాలుగా కోయించిన కర్ర దిమ్మలు, వోల్టు మీటరు, మందమైన జంపర్ వైర్లు, తలకు కట్టుకునే టార్చి, మొనకు టేపు చుట్టిన సన్నని చదును స్క్రూడ్రైవర్ ఒక సంచిలో పెట్టాం. ఇటుకలు వద్దన్నాను, టన్ను పైబడిన బండి బరువు మీద పడితే అవి పగిలిపోతాయి.

నియమాలను సెల్లార్ గోడ మీద అంటించాం. సమతలంలో తప్ప సాధన చెయ్యకూడదు. ముందు హ్యాండ్ బ్రేకు, తర్వాత వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు, ఆ తర్వాతే లోపల చేయి. డ్రైవర్ సీటులో ఒక మనిషి పాదం బ్రేకు మీద ఉంచి కూర్చోవాలి. ఇంజను నడవనప్పుడు బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లలో అయిపోయి పెడల్ రాయిలా గట్టిపడుతుంది కనుక ఆ మనిషి కాలి బలం ఉన్నవాడై ఉండాలి. బండికి ముందు గాని వెనక గాని ఎవరూ నిలబడకూడదు, పిల్లలు సెల్లార్‌లోకే రాకూడదు.

వరదల్లో బండ్లు లాగిన క్రేను నడిపే పెద్దాయనను పిలిచి ఈ కాగితం చూపించాను. ఆయన మెల్లగా చదివి, "సార్, వరస బాగుంది. మా కుర్రాళ్లు కూడా ముందు రాడ్డు లాగేసి తర్వాత రాయి కోసం వెతుకుతారు, కాళ్లు విరిగేది అక్కడే" అన్నారు. ఆ మాటను కాగితం కింద ఎర్ర సిరాతో రాయించాను.

మార్చి మొదటి వారం – మొదటి బండి

తాళంచెవి తిప్పి నడిపే సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ రకం) హ్యాచ్‌బ్యాక్‌తో మొదలుపెట్టాం. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేసి, బండిని నిజంగానే చచ్చిన స్థితిలో ఉంచాం. రాడ్డు పక్కన, పీ అక్షరానికి దగ్గర్లో, వేలిగోరంత ప్లాస్టిక్ మూత కనిపించింది. కొన్ని బండ్లలో అక్కడ షిఫ్ట్ లాక్ అని అచ్చు వేసి ఉంటుంది, కొన్నింటిలో ఏ గుర్తూ ఉండదు, మరికొన్నింటిలో రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగునో అడుగు పలకనో పైకి లేపితే గాని కనిపించదు. బండితో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ తప్పక ఉంటుంది కాబట్టి వెతుకులాట అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

హ్యాండ్ బ్రేకు లాగి, దిమ్మలు పెట్టి, తాళంచెవిని మొదటి మెట్టు దాకా తిప్పాం. అలా తిప్పితే స్టీరింగ్ తాళం కూడా విడుతుంది, అది విడకపోతే న్యూట్రల్‌లోకి వచ్చిన బండి కూడా తిన్నగా తప్ప పోదు. శ్రీను బ్రేకు తొక్కి పట్టాడు. టేపు చుట్టిన స్క్రూడ్రైవర్‌తో మూతను గీత పడకుండా లేపి, ఆ రంధ్రంలోకి స్క్రూడ్రైవర్‌ను నిలువుగా దించాను. అడుగున స్ప్రింగు తగిలింది. దాన్ని నొక్కి పట్టుకుని, రెండో చేత్తో రాడ్డు మీది బటన్ నొక్కి వెనక్కు లాగితే ఆర్ (రివర్స్) దాటి ఎన్ (న్యూట్రల్)లోకి సులువుగా వచ్చింది. స్ప్రింగు దిగకపోయినా రాడ్డు రాకపోయినా బలం పెట్టకూడదు. స్క్రూడ్రైవర్ పక్కకు జారి ఇంకేదో ప్లాస్టిక్‌ను తోస్తోందన్నమాట.

తర్వాత దిమ్మలు తీసి, హ్యాండ్ బ్రేకు మెల్లగా వదిలితే ఇద్దరం తోస్తేనే బండి కదిలింది. ఆ పని చూసిన ఆ ఇంటి పెద్దావిడ, "మాస్టారూ, ఇన్నేళ్లుగా ఆ మూత కింద చిల్లర పైసలు ఇరుక్కున్నాయేమో అనుకునేదాన్ని" అని, తానే కూర్చుని ఇంకొకసారి చేసి చూపించమన్నారు. రెండో విడత ఆవిడే చేశారు.

మార్చి మూడో వారం – బ్రేకు లైటు చెప్పే సంగతి

ఈ వారం దొరికిన విషయం నాకు మిగతా అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. ఒక బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, డాష్‌బోర్డు వెలుగుతోంది, ఇంజను కూడా నడుస్తోంది, కాని రాడ్డు మాత్రం పీ నుంచి రాదు. అప్పుడు వెనక్కు వెళ్లి బ్రేకు లైట్లు చూడాలి. పెడల్ తొక్కినా లైట్లు వెలగకపోతే సోలెనాయిడ్‌కు కూడా సంకేతం వెళ్లడం లేదని అనుకోవచ్చు, ఎందుకంటే బ్రేకు తొక్కారన్న కబురును రెండింటికీ చాలా బండ్లలో పెడల్ పైన ఉన్న ఒకే చిన్న స్విచ్ చేరవేస్తుంది. ఫ్యూజు కాలిపోయినా ఇదే జరుగుతుంది. మేము చూసిన బండిలో ఫ్యూజు పోయింది. కొత్తది వేయగానే లైట్లూ వెలిగాయి, రాడ్డూ వచ్చింది. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది: తాళాన్ని చేత్తో విప్పి అలాగే రోడ్డెక్కితే వెనక వచ్చేవారికి మన బ్రేకు లైట్లు కనిపించవు. కాబట్టి విడుదల చేసిన బండిని పక్కకు జరపడానికి మాత్రమే వాడాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య ఉన్న బండి కూడా ఇదే వారంలో వచ్చింది. రోజూ ఉదయం బ్యాటరీ చచ్చిపోతోందని, రాడ్డు పీలో బిగిసిపోతోందని యజమాని చెప్పారు. బ్యాటరీ మార్చినా అదే తంతు. రాత్రి సెల్లార్‌కు వెళ్లి చూస్తే బండి ఆపి ఉన్నా బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. పెడల్ చేతికీ స్విచ్ మొనకూ మధ్య ఉండే చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఎండకు పొడిపొడి అయి రాలిపోయింది. దాంతో స్విచ్ మొన ఖాళీ రంధ్రంలోకి దూరిపోయి, ఎవరో బ్రేకు తొక్కుతూనే ఉన్నారన్న కబురును రాత్రంతా పంపుతోంది. డ్రైవర్ కాళ్ల దగ్గర చాప మీద ప్లాస్టిక్ ముక్కలు రాలి కనిపిస్తే వాటిని ఊడ్చి పారేయకుండా ముందు తల వంచి పెడల్ పైభాగం చూడాలని కార్డు మీద రాశాను.

ఏప్రిల్ మొదటి వారం – ర్యాంపు మీద

వాలు మీద నిలిచిన బండిలో బరువంతా ఆ ఉక్కు కొక్కెం మీద పడి అది పళ్ల మధ్య గట్టిగా బిగుసుకుంటుంది. అప్పుడు బ్యాటరీ బాగున్నా రాడ్డు రాదు, వచ్చినా పెద్ద శబ్దంతో వస్తుంది. బండిని పైవైపుకు కొద్దిగా నెట్టితే బరువు తగ్గి కొక్కెం వదులవుతుంది. ఇంజను నడిచే బండి అయితే ఈ పని సమస్య కాదు. చచ్చిన బండిని ర్యాంపు మీద విడుదల చేయడం మాత్రం సాధనగా కూడా చెయ్యబోమని నిర్ణయించాం. నిజంగా అవసరం వస్తే పైనుంచి క్రేను తాడు బిగించి, తాడు బరువు తీసుకున్నాకే రాడ్డు ముట్టాలి, కిందివైపు మనిషి ఉండకూడదు.

దీనికి నివారణ ఉంది, అది నిలిపే పద్ధతిలోనే ఉంది. వాలు మీద ఆగినప్పుడు బ్రేకు తొక్కి పట్టుకుని, రాడ్డును ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, పాదాన్ని మెల్లగా వదిలి బరువును హ్యాండ్ బ్రేకు మీద కూర్చోనివ్వాలి. మళ్లీ బ్రేకు తొక్కి అప్పుడు పీలో పెట్టాలి. సెల్లార్ డ్రైవర్లందరికీ ఇది చూపించాం. ఒక వారం తర్వాత, రాడ్డు తీసేటప్పుడు వినిపించే ఆ "ఠక్" శబ్దం పోయిందని శ్రీను చెప్పాడు.

ఏప్రిల్ చివర – రంధ్రం లేని బండ్లు

మా సెల్లార్‌లో ఎక్కువగా ఉన్నవి ఏఎంటీ బండ్లు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఈ రకానికి సాధారణంగా పీ స్థానమే ఉండదు. లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే, క్లచ్చునూ గేర్లనూ మనిషికి బదులు కంప్యూటరు చెప్పినట్టు ఒక యంత్రం కదుపుతుంది. గేరులో ఉంచి ఆపిన బండికి బ్యాటరీ పోతే రాడ్డును ఎన్‌లోకి జరిపినా లోపల గేరు కదలదు. కాబట్టి ఈ బండ్ల కార్డు మీద మొదటి మాట జంపర్ వైర్లు. ఎర్ర తీగను చచ్చిన బ్యాటరీ పాజిటివ్‌కు, దాని రెండో కొసను మంచి బ్యాటరీ పాజిటివ్‌కు, నల్ల తీగను మంచి బ్యాటరీ నెగటివ్‌కు, ఆఖరి కొసను చచ్చిన బండి ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి.

రాడ్డుకు బదులు బటన్లు, తిప్పుడు మీటలు ఉన్న బండ్లలోనూ అదే మొదటి మందు. కొన్నింటిలో చేత్తో విడుదల చేసే తీగ లోపలి పలక కింద దాగి ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. ఇవి చాలావరకు ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న బండ్లే కాబట్టి, కరెంటు లేనప్పుడు ఆ బ్రేకు కూడా వదలదు, గేర్‌బాక్సు ఎన్‌లోకి వచ్చినా వెనక చక్రాలు తిరగవు. అటువంటి బండిని కదపాలంటే బిగిసిన చక్రాల కింద చిన్న చక్రాల పలకలు పెట్టి జరపడమే మార్గం. క్రేను పెద్దాయన దగ్గర అవి ఉన్నాయని తెలిసి ఆయన నంబరును గోడ మీది కాగితంలో చేర్చాం.

కరెంటు కార్ల విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది. అంత పెద్ద బ్యాటరీ ఉండగా 12 వోల్టుల చిన్న బ్యాటరీతో పనేమిటని అడిగారు. తలుపులు, తెరలు, పీ విడుదల అన్నీ ఆ చిన్నదాని మీదే నడుస్తాయి. ఎన్‌లోకి వచ్చినా చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు, మోటారు తిరిగి కరెంటు పుట్టి హాని జరుగుతుంది. ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా ఎక్కించుకునే చదును లారీ) మీదికి ఎక్కించాలి. పెట్రోలు ఆటోమేటిక్‌లకు కూడా దూరం లాగడం మంచిది కాదు, ఎందుకంటే గేర్‌బాక్సులో నూనె తిప్పే పంపు ఎక్కువ బండ్లలో ఇంజనుతోనే నడుస్తుంది. ఇంజను ఆగితే భాగాలు నూనె లేకుండా ఒరుసుకుంటాయి.

మునిగిన బండి సంగతి పూర్తిగా వేరు. దానికి జంపర్ వైర్లు తగిలించకూడదు, ఇంజను తిప్పకూడదు. సిలిండర్లలో నీరు ఉంటే పిస్టను నీటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తడిసిన వైరింగుకు కరెంటు ఇస్తే కాలిపోతుంది. వీలైతే నెగటివ్ తీగ విప్పి, చేత్తో విడుదల చేసి, ఫ్లాట్‌బెడ్ పిలవాలి. ఈ పేరాను అన్ని కార్డుల వెనక ఎర్ర గీత గీసి అచ్చు వేయించాను.

మే రెండో వారం – పరుగులో ఉన్న బండి

నిలిచిన బండి గురించే మొదలుపెట్టినా, న్యూట్రల్ అవసరం ప్రాణాల మీదికి వచ్చేది యాక్సిలరేటర్ ఇరుక్కున్నప్పుడు. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాంటీ దగ్గర ఒక లెక్సస్ కారు వేగం అదుపు తప్పి నలుగురు చనిపోయారు. నడిపినవాడు హైవే గస్తీలో పనిచేసే అధికారి. సరిపడని నేల చాప కింద పెడల్ ఇరుక్కుంది. ఆ బండిని పరుగులో ఆపాలంటే స్టార్టు బటన్‌ను మూడు సెకండ్ల పాటు నొక్కి పట్టాలి. ఆ తర్వాత టయోటా లక్షల బండ్లను వెనక్కు పిలిపించింది.

మా డ్రైవర్లకు దీన్ని ఒక ఖాళీ ప్రైవేటు లేఅవుట్‌లో, తక్కువ వేగంలో నేర్పించాం. బ్రేకును ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టుకోవాలి, పదేపదే తొక్కి వదిలితే వాక్యూమ్ అయిపోతుంది. అదే సమయంలో రాడ్డు మీది బటన్ ముట్టకుండా డీ (డ్రైవ్) నుంచి ముందుకు తోస్తే, వరసగా కదిలే రాడ్డున్న బండ్లలో అది ఎన్‌లో ఆగిపోతుంది. బటన్ నొక్కనంతవరకు ఆర్‌లోకి గాని పీలోకి గాని పోదు. ఎలక్ట్రానిక్ మీట అయితే ఎన్ వైపు కొద్ది క్షణాలు పట్టి ఉంచాలి. ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది, ఆ శబ్దానికి భయపడి మళ్లీ డీలోకి లాగడమే ప్రమాదం. బండి పక్కకు వచ్చి పూర్తిగా ఆగాకే ఇంజను ఆపాలి. పరుగులో తాళంచెవి బయటికి తీస్తే స్టీరింగ్ బిగుస్తుంది. శ్రీనుకు మొదట్లో చేయి అలవాటుగా బటన్ మీదికే పోయేది. అరచేతిని తెరిచి, వేళ్లు చాపి, అరచేతి అడుగుతో తోయమన్నాక కుదిరింది. ఈ చిట్కాను అందరికీ చెప్పాం.

జూన్ మొదటి వారం – కార్డు, మిగిలిన పని

కార్డు అరచేతి వెడల్పున వచ్చింది. పైన బండి రకం, విడుదల ఉన్న చోటు ఫొటోతో. దాని కింద హ్యాండ్ బ్రేకు, దిమ్మలు, సీటులో మనిషి, తాళంచెవి, బ్రేకు, స్క్రూడ్రైవర్, రాడ్డు అన్న వరస. నీళ్లకు చెడకుండా ల్యామినేషన్ చేయించి, టేపు చుట్టిన స్క్రూడ్రైవర్‌తో కలిపి డ్రైవర్ తలుపు అరలో పెట్టాం. డిక్కీలో పెడితే బ్యాటరీ పోయిన రోజున డిక్కీ తెరుచుకోకపోవచ్చు. రిమోట్ తాళాల లోపల దాగి ఉండే ఇనుప చెవితో డ్రైవర్ తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా ప్రతి బండికీ చూశాం.

రెండు బండ్ల కార్డులు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాటి విడుదల తీగ సీటు మధ్య పలక కింద ఉంది, ఆ పలక విప్పడానికి యజమానులు వచ్చే ఆదివారం సమయం ఇచ్చారు. క్రేను పెద్దాయన తన కుర్రాళ్లనూ తీసుకువస్తానన్నారు. వర్షాలు మొదలయ్యేలోగా చక్రాల పలకలతో ఒక బండిని సెల్లార్ చివరి నుంచి ర్యాంపు అడుగు దాకా జరిపి చూడాలి, అందుకు దారి మధ్యలో ఉన్న పాత సైకిళ్లను తీయించమని వాచ్‌మన్‌కు చెప్పాను.